హసీనా దరఖాస్తులో ‘వితంతువు’ అన్న మాట

2014 జనవరి. మారేడ్‌పల్లిలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. అద్దె తగాదాలు, విడాకులు, వారసత్వ సర్టిఫికెట్లు, ఇరవై రెండేళ్లుగా నా ప్రాక్టీసు అదే. శరణార్థుల కేసులు అప్పటికి నాలుగో ఐదో చూశాను. అవీ మా చర్చిలో ఒక టీచరమ్మ పట్టుబట్టి పంపినవే.

ఆ రోజు కూడా ఆవిడే పంపించారు. నా గుమస్తా యాదగిరి లోపలికి వచ్చి, “మేడం, బర్మా నుంచి వచ్చినోళ్లంట. జెర చూడుర్రి, శానా పరేషాన్‌ల ఉన్నరు” అన్నాడు.

వచ్చినవాళ్లు ఇద్దరు. సలీంకు ముప్పై ఏళ్లుంటాయి. మోండా మార్కెట్‌లో కూరగాయల బస్తాలు మోస్తాడు. ఏడాదిగా అక్కడ నేర్చుకున్న తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడతాడు. హసీనా అతని వదిన. నాలుగేళ్ల కూతుర్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు కొద్దిగా ఉర్దూ వచ్చు. ఊరు తగలబడినప్పుడు భర్త పోయాడని సలీం చెప్పాడు.

మన దేశంలో శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం లేదు. ఢిల్లీలోని ఒక అంతర్జాతీయ కార్యాలయం ఇంటర్వ్యూ చేసి, చెప్పింది నమ్మితే కార్డు ఇస్తుంది. కార్డు లేనివాడు పోలీసుల లెక్కలో అనుమతి లేకుండా ఉంటున్న విదేశీయుడు. వీళ్లిద్దరి దరఖాస్తులూ తిరస్కరించారు. కారణం క్రెడిబిలిటీ, అంటే చెప్పిన మాట నమ్మదగినదిగా లేకపోవడం. మొదట పేరు నమోదు చేసుకున్నప్పుడు సలీం, అన్నను ఇంటి వాకిట్లో చంపుతుంటే చూశానన్నాడు. ఇంటర్వ్యూలో మాత్రం ఆ సమయానికి తాను నది మీద పడవలో ఉన్నానన్నాడు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. హసీనా దరఖాస్తు అతని మాట మీదే నిలబడింది కాబట్టి అదీ పోయింది. ఉత్తరం అందిన ముప్పై రోజుల్లో అప్పీల్ వేసుకోవాలి. నా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది రోజులే మిగిలాయి.

మర్నాడు సలీంను ఒక్కణ్నే రమ్మన్నాను. “ఈ రెండిట్లో ఏది నిజం?” అని అడిగాను.

అతను యాదగిరి వైపు చూశాడు. యాదగిరిని బయటికి పంపి తలుపు మూశాను. అప్పుడు చెప్పాడు.

“పడవ నలుగురికే అమ్మా. మేం ఏడుగురం ఎక్కినం. అన్న ఎక్కి మల్ల దిగిండు. ఇంట్ల మా కుటుంబం కాయితం ఒకటుండె. అది లేకుంటె మేం గా దేశపోళ్లమని ఎవ్వరు నమ్మరని ఎనకకు ఉరికిండు. తెల్లారుతున్నది. తుపాకులు దగ్గరికొచ్చినయి. నేను పడవ నూకిన.”

“తర్వాత?”

“జెర దూరం పోయినంక అన్న ఒడ్డుకొచ్చిండు. అరవలేదు. చెయ్యి ఎత్తిండు, అంతే. నేను చూసిన. పడవ తిప్పలేదు.”

“హసీనా?”

“చాప కింద పండుకున్నది, పిల్ల నోరు మూసి పట్టుకొని. ఆమె చూడలేదు. అవతల ఒడ్డుకు పోయినంక అన్న ఏడి అన్నది. బతికున్నడంటె మల్ల నదిల దుంకుతది. వాకిట్లనే చంపేసిన్రు, నేను చూసిన అని చెప్పిన.”

అంటే ఆ అన్న చనిపోయాడో లేదో సలీంకు కూడా తెలియదు.

నా పని ఏమిటో నాకు స్పష్టంగానే కనిపించింది. నిజం రాస్తే అప్పీల్ నిలబడుతుంది. పేరు నమోదు చేసుకున్న రోజు హసీనా పక్కనే కూర్చుంది కాబట్టి అబద్ధం చెప్పాడు, ఇంటర్వ్యూలో ఒంటరిగా ఉన్నాడు కాబట్టి సగం నిజం బయటపడింది. దీన్ని ఏ అధికారి అయినా అర్థం చేసుకుంటాడు.

“ముందు ఆమెకు చెప్పు. ఇక్కడే, నా ముందు చెప్పినా సరే” అన్నాను.

అతను రెండు చేతులూ జోడించాడు. “కార్డు రానియ్యి అమ్మా. ఇప్పుడు చెప్తె ఆమె వాపస్ పోతనంటది. పిల్లను సుత తీస్కపోతది. కార్డొచ్చిన దినమే నేనే చెప్త.”

ఎవరి స్టేట్‌మెంట్ వాళ్లది, ఒకరిది ఇంకొకరికి చూపించరు. ఆ నియమం నాకు ఆసరాగా కనిపించింది. గడువు కూడా దగ్గర పడింది. సరేనన్నాను. అతని స్టేట్‌మెంట్‌లో నిజం రాశాను. హసీనా దాంట్లో ఆమె నమ్మిందే రాశాను, వితంతువు అని. ఆమె వేలిముద్ర వేస్తుంటే కాగితం కదలకుండా పట్టుకున్నది నేనే.

మార్చిలో ఇద్దరినీ మళ్లీ ఢిల్లీకి పిలిచారు. వెళ్లారు, వచ్చారు. వచ్చిన మర్నాడు పొద్దున హసీనా కూతురితో ఒక్కతే నా గదికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తన ఉర్దూలో, నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెప్పింది.

“అక్కడ ఒకామె నన్ను అడిగింది, నీ భర్త చనిపోవడం నువ్వు చూశావా అని. లేదన్నాను. ఎవరు చూశారంది. మరిది అన్నాను. ఆమె రాయడం ఆపేసి నా మొహం చూసింది. వేరే ప్రశ్నకు వెళ్లిపోయింది. బయటికి వచ్చి సలీంను అడిగాను. రైల్లో రెండో రోజుకు చెప్పాడు.”

పిల్లను దగ్గరికి లాక్కుని అడిగింది.

“మీకు తెలుసా?”

“తెలుసు.”

“నేను ఇక్కడ వేలిముద్ర వేసిన రోజు కూడా తెలుసా?”

“తెలుసమ్మా.”

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. “ముక్కుపుడక తీసేశాను. భర్త పోయినదాన్నని నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఇద్దత్ కూర్చున్నాను. పిల్లకు నాన్న లేడని చెప్పాను. అతను బతికి ఏ క్యాంపులోనో మమ్మల్ని వెతుకుతుంటే? నేను ఒక్క మనిషిని కూడా అడగలేదు. ఏడాదిన్నర ఎవరినీ అడగలేదు” అంది.

తప్పు చేశానని చెప్పాను. ఆ మాట ఆమె విన్నదో లేదో తెలియదు.

“ఆ మాట మార్చండి. వితంతువు అని ఉందట. నా భర్త చనిపోయాడని నేను చెప్పను.”

“ఇప్పుడు మారిస్తే కేసు ఆలస్యం కావచ్చు. మళ్లీ నమ్మకపోవచ్చు కూడా.”

“నమ్మకపోనివ్వండి.”

అప్పుడే ఉత్తరం రాశాను. భర్త ఆచూకీ తెలియదని, ఇంతవరకూ ఆమెకు నిజం తెలియనివ్వలేదని, ఆ తప్పులో న్యాయవాదిగా నా భాగం ఉందని కూడా రాసి సంతకం చేశాను. యాదగిరి రిజిస్టర్ పోస్టు చేసి వచ్చాడు. ఆమె అందాకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఆలస్యమే అయింది. సలీంకు జూన్‌లో కార్డు వచ్చింది. హసీనాకు, పిల్లకు మరో ఏడు నెలలకు గానీ రాలేదు. ఆ మధ్యలో ఒకసారి పోలీసులు ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్తే, నేను వెళ్లి కాగితాలు చూపించి సాయంత్రానికి విడిపించుకు వచ్చాను. బయటికి రాగానే నన్ను దాటుకుని బస్టాపు వైపు నడిచింది. అప్పటికే ఆమె కాప్రా వైపు ఇంకో కుటుంబంతో ఉంటోంది. బర్మా నుంచి కొత్తగా ఎవరు వచ్చినా వెళ్లి భర్త పేరు, ఊరి పేరు చెప్పి అడుగుతుందని యాదగిరి చెప్పేవాడు.

సలీం కార్డు చూపించడానికి వచ్చాడు. “వదిన తలుపు తీస్తలేదమ్మా” అన్నాడు. పడవ తిప్పనందుకు అతన్ని నేను ఏనాడూ తప్పుపట్టలేదు. పడవలో మిగిలినవాళ్లను ఒడ్డుకు చేర్చినవాడతను. ఆ అన్న సంగతి మాత్రం నాకు తెలిసినంత వరకూ ఎవరికీ తెలియలేదు.

తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఒకే సంఘటన మీద ఇద్దరి కేసులు నిలబడి ఉంటే, అందులో ఒకరికి తెలియనిది ఏదైనా ఉంటే, అది తమ మనిషి నోటి నుంచే వాళ్లు వినేదాకా కాగితం పోస్టులో వేయను. అలాంటప్పుడు నేనొక్కదాన్నే ఇద్దరి తరఫునా వకాల్తా పుచ్చుకోను కూడా. ఈ కేసు చెప్పినప్పుడల్లా నా జూనియర్లు ఒకటే అడుగుతారు: ముందే చెప్పి ఉంటే ఆమె అప్పీల్ వద్దని వెనక్కి వెళ్లిపోయేదేమో కదా మేడం, ప్రాణమే పోయేదేమో కదా అని.

పోయేదేమో. నేనూ ఆ లెక్కే వేసుకున్నాను. కానీ ఆ లెక్క వేసుకోవాల్సింది హసీనా. ఆమె బదులు నేను వేసి, కింద ఆమె వేలిముద్ర తీసుకున్నాను.