అరువు తాత

మీ తాత ఎవరని చిన్నప్పుడు ఎవరైనా అడిగితే, అమెరికాలో మేకుల కార్ఖానా ఉన్న దొర అని చెప్పేవాళ్ళం. నవ్వేవాళ్ళు నవ్వారు. మేము మాత్రం నవ్వులాటకు చెప్పలేదు. మా బాపు కరువులో అనాథగా మిషన్ బోర్డింగులో చేరిన పిల్లవాడు. ఆ దొర పంపిన సాయంతో అక్కడ పెరిగాడు, వడ్రంగం నేర్చాడు, దొర పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. దొర తనను దత్తు తీసుకున్నాడని మాకు చెప్పాడు.

దొర వంశమంతా నాకు నోటికి వచ్చు. ఆయన తండ్రి చెప్పులు కుట్టేవాడు. ఇనుప సామాను కొట్టులో ఊడ్చే పనికి చేరిన దొర పెద్దయ్యాక అదే కొట్టు కొన్నాడు, తర్వాత కార్ఖానా పెట్టాడు. అది ఒకసారి కాలి బూడిదైతే, ఆ వారం కూడా చర్చిలో ముందు బెంచీ మీదే కూర్చున్నాడట. తన ఊరి సంఘానికి పెద్ద. ఆదివారం నాడు కార్ఖానా గొట్టంలోంచి పొగ రానిచ్చేవాడు కాదు. ముగ్గురు కూతుళ్ళు, ఒక్కడే కొడుకు. ఆ కొడుకు పాలు తాగే వయసులోనే పోయాడు.

"ఆ పిల్లగాని జాగల నన్ను పెట్టుకున్నడు" అనేవాడు బాపు.

మమ్మల్ని ఈ కథతోనే పెంచాడు. పట్టపగలు దీపం వెలిగినా, కంచంలో మెతుకు మిగిలినా, దొర ఇంట్లో ఇలా చేయరనేవాడు. నాకు పొదుపు అబ్బింది అక్కడే. నేను మూడో తరగతి ముగించిన ఏడు నన్ను బడి మాన్పించాడు. "దొర పేరు నిలవెట్టనీకి ఒక్కడన్న పెద్ద సదువు సదవాలె బిడ్డా" అన్నాడు. ఆ ఒక్కడు మా తమ్ముడు. నేను ఏడవలేదు. వాళ్ళ తమ్ముడు బతికి ఉంటే దొర కూతుళ్ళు కూడా ఇంతే చేసేవాళ్ళు కదా అనుకుని చీపురు పట్టాను.

తమ్ముడు చదివాడు. సర్కారు కొలువు దొరికింది, మలక్‌పేటలో ఇల్లు కట్టాడు, మా సంఘానికి పెద్దయ్యాడు. నేను లాల్‌దర్వాజా గల్లీలో కిరాయి ఇంట్లో పిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేశాను.

పందొమ్మిదివందల డెబ్బైల్లో ఒక చలికాలం తమ్ముడు కబురు తెచ్చాడు. దొర మనుమరాలు వస్తున్నదట, తన తాత వంశచరిత్ర రాస్తున్నదట, మా ఇంటికీ వస్తుందట. అప్పటికి బాపు పోయి చాలా ఏళ్ళు. నాకు ఒక్కటే కోరిక పుట్టింది. ఆ పుస్తకంలో, పోయిన పసివాడి పక్కన మా బాపు పేరు పడాలి.

ముందుగదికి సున్నం వేయించాను. మంచి కుర్చీ కోసం పక్కింటి ఖాలా దగ్గరికి వెళ్తే ఆమె కుర్చీ ఇస్తూ, "అమ్రీకా రిష్తేదార్లు, మీ సొంత చుట్టాలు వస్తుండ్రంట గదా. మరి నీ రంగేంది, మా పొయ్యి గోడ లెక్కుంది?" అన్నది.

"ఎండల తిరిగి తిరిగి గిట్లైన" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

దొర మనుమరాలు ఇంచుమించు నా వయసుదే. సన్నటి మనిషి. ఆమె అడగకముందే వాళ్ళ తాత కథంతా చెప్పాను. తమ్ముడు ఇంగ్లీషులో చెబుతుంటే, పొగ గొట్టం మాట దగ్గర ఆమె రాయడం ఆపి నన్నే చూసింది. అప్పుడు తమ్ముడితో అన్నాను, "మన బాపు ఈమె తాతకు కొడుకు. గీ మాట రాసుకొమ్మను."

తమ్ముడు ఏదో చెప్పాడు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ బడిలో ఉన్న మూడేళ్ళూ పొద్దున్నే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ఇంగ్లీషులో చెప్పించేవాళ్ళు. కుమారుడంటే సన్. ఆ ఒక్క మాట కోసం చెవి పెట్టాను. ఆర్ఫన్ అన్నది వినబడింది. హెల్ప్ వినబడింది. సన్ రాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. తమ్ముడు ఆమె వైపు చూసి నవ్వి ఇంకేదో అన్నాడు. ఆమె నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది, కళ్ళు తడి అయ్యాయి. చుట్టాలు అలా చూడరు. దానం పుచ్చుకున్నవాళ్ళను చూసే చూపు అది.

ఆమెను కారెక్కించి వచ్చిన తమ్ముణ్ణి గుమ్మంలోనే నిలబెట్టాను.

"సన్ అనలేదేందిరా?"

"ఎట్లంటనక్కా? నవ్విపోతది. ఆయన మనకు తాత కాదు. బోర్డింగుల ఒక్కొక్క పిల్లగానికి ఒక్కొక్క దొర పైసలు పంపేటోడు. ఈయన శానమందికి పంపిండు, ఆయన పేరు పెట్టుకున్నోళ్ళు ఇంకా మస్తు మంది ఉన్నరు. దత్తు గిత్తు ఏం లేదు."

"బాపుకు తెల్వదా?"

"తెలుసు. నేను కాలేజీల చేరినప్పుడు ఆయనే చెప్పిండు."

"మరి నాకు?"

తల వంచుకున్నాడు. "నీకు చెప్పి ఏం జేస్తమని అన్కున్నం."

అన్కున్న అనలేదు, అన్కున్నం అన్నాడు. అంటే ఇద్దరూ కూర్చుని అనుకున్న మాట. నేను వాళ్ళకు రొట్టెలు కాలుస్తున్నప్పుడే అనుకుని ఉంటారు.

మరి బాపును కన్నదెవరని అడిగాను. తెలియదన్నాడు. ఏ ఊరని అడిగాను. అదీ తెలియదు. దొర కూతుళ్ళ పేర్లు వరుసగా చెప్పగలను. మా నాయనమ్మ పేరు నాకు తెలియదు. బాపు బతికుండగా అడగాలని కూడా తోచలేదు. తోచనిస్తే కదా, ఇంటి నిండా ఆ దొరే కూర్చుని ఉండేవాడు.

"పిల్లలకు చెప్పకక్కా, వాళ్ళకదొక ధైర్యం" అని తమ్ముడు బతిమాలాడు. నేను ఖాలా కుర్చీ ఎత్తుకుని పక్కింటికి బయలుదేరాను.

ఆ క్రిస్మస్‌కు అందరం మలక్‌పేటలో కలిశాం. కుటుంబ ప్రార్థనలో దొర తాత కోసం దేవునికి స్తోత్రం చెప్పడం ఏటా తమ్ముడి పని. ఆ ఏడు నేను ముందు చేస్తానన్నాను. పెద్దదాన్ని, కాదనలేకపోయాడు. మా ఇళ్ళలో ఒకరు ప్రార్థన చేస్తుంటే, వాళ్ళు ఆమెన్ అని ముగించేదాకా నడుమ ఎవరూ మాట్లాడరు. తప్పున్నా దిద్దరు. అది తమ్ముడికీ తెలుసు, నాకూ తెలుసు.

"పరలోకమందున్న తండ్రీ, అమెరికా దొర మాకు తాత కాడు. తిండి పెట్టిండు, ఆయనకు నీ దీవెన ఉండనీ. మా బాపును కన్నతల్లి ఆ కరువుల ఏడ పడిపోయిందో నీకే ఎరుక. ఆమె పేరు మాకు తెల్వదు. తెలిసిన సంగతన్న నాకు చెప్పకుంట నా ఇంటోళ్ళే..."

"ఆమెన్" అన్నాడు తమ్ముడు, గట్టిగా. వెనకే పిల్లలంతా ఆమెన్ అన్నారు.

నేను కళ్ళు తెరవలేదు. నా ప్రార్థన ఇంకా అయిపోలేదు.