దేవదానం కాక పాటకు వేగం కుదిర్చిన రోజు

2023లో ఈస్టర్‌కు ముందు సంగతి ఇది. గోదావరిఖని బస్టాండు దగ్గరి సందులో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. పగిలిన స్క్రీన్లు, బొగ్గు దుమ్ముతో పూడుకుపోయిన ఫ్యాన్లు, ఎక్కువగా ఇవే వస్తుంటాయి. ఒకరోజు పొద్దున షట్టర్ ఎత్తేసరికి మేమంతా బాబాయి వరసలో కాక అని పిలిచే దేవదానం, ఆయన భార్య సువార్తమ్మ షేర్ ఆటో దిగారు. ఆమె భుజాన లాప్‌టాప్ సంచి ఉంది. ఆటో డ్రైవర్ ఒక పాత సీపీయూను దించి నా గడప ముందు పెట్టాడు.

కాక గని ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆయనే. ఆ బృందం ఒకే పాటను ఒకేసారి నాలుగు వరుసల్లో పాడుతుంది. ఆడవాళ్లకు రెండు వరుసలు, మగవాళ్లకు రెండు, ఒక్కోదానికి వేరే స్వరాలు. పాడేవాళ్లలో సగంమందికి గనిలో డ్యూటీ. ఒకరు మొదటి షిఫ్టులో ఉంటే ఇంకొకరు రాత్రి షిఫ్టులో ఉంటారు. అందరూ ఒకచోట చేరి సాధన చేయడమన్నది ఎన్నడూ కుదరదు. అందుకే కాక సర్వీసులో ఉన్నప్పుడే సీ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. అది కంప్యూటర్ లోపలి చిన్న స్పీకర్ మీద, ఒక్కో వరుసను విడిగా బీప్‌లతో వినిపిస్తుంది. ఎవరికి తీరిక దొరికినప్పుడు వాళ్లు కాక ఇంటికి వెళ్లి తమ వరుస నేర్చుకునేవారు.

"గది సచ్చిపోయింది బిడ్డా," అన్నారాయన సీపీయూను చూపిస్తూ. "ఈస్టర్‌కు కొత్త పాట కట్టిన. ఈ లాప్‌టాప్‌ల ఎక్కియ్యాలె. ఎన్కట అయితే హార్మోనియం మీద వాయించి చూపిస్తుంటి. ఇప్పుడు చేతులు వణుకుతున్నయి."

విప్పి చూస్తే మదర్‌బోర్డు పోయింది కానీ హార్డ్ డిస్క్ బాగానే ఉంది. అందులో ఆయన ప్రోగ్రాం, దాంతోపాటు పాత కంపైలర్ కనిపించాయి. మనం రాసినదాన్ని కంప్యూటర్ నడపగలిగే రూపానికి మార్చేది కంపైలర్. అయితే ఆ కంపైలర్ విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపిన డాస్ కాలంనాటిది. కూతురు ఆయనకిచ్చిన లాప్‌టాప్‌ను నడిపేది లినక్స్ అనే వేరే వ్యవస్థ. ఒకదాని కోసం చేసింది ఇంకొకదానిలో నేరుగా నడవదు.

"ఎందుకు కాకా ఈ తిప్పలు? పాట చెప్పు, ఫోన్ల వినేటట్టు నేనే చేసిస్త," అన్నాను.

సువార్తమ్మ నవ్వింది. "ఈ ఒక్క పాటతోటి ఆగుతడా ఈయన? రేపు ఇంకోటి కడతడు. గప్పుడు మల్ల ఆటో ఎక్కి నీ దగ్గరికే రావాల్నా?"

"నా పాట నేనే ఎక్కిచ్చుకోవాలె బిడ్డా," అన్నారు కాక. "హార్మోనియంల తప్పు మెట్టు పడితే అందరికీ వినబడ్తది. దీంట్ల తప్పు పడితే చెరుపుకుంట."

నాకు అప్పుడర్థమైంది. పాత డిస్క్‌లో ఉన్నవన్నీ ఆ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎమ్యులేటర్ పెట్టాను. కొత్త కంప్యూటర్‌లోనే ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు నటించే ప్రోగ్రాం అది. దాంట్లో ఆయన కంపైలర్ తెరుచుకోగానే కాక కుర్చీ ముందుకు జరుపుకున్నారు. కొత్త పాట స్వరాలన్నీ ఒక్క వేలితో, చెరుపుకుంటూ దిద్దుకుంటూ మధ్యాహ్నం దాకా కొట్టారు. కంపైల్ చేస్తే ఒక్క తప్పు కూడా రాలేదు.

తీరా పాట మొదలుపెడితే, మొదటి స్వరమే గని సైరన్‌లా సాగుతూ పోయింది. వేగం పూర్తిగా పెంచాను. ఈసారి పాట మొత్తం ఒక్క కీచుమన్న చప్పుడుతో అయిపోయింది. సువార్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కాక మొహం మాత్రం చిన్నబోయింది.

కారణం ఆయన రాసిన పద్ధతిలోనే ఉంది. ఒక్కో స్వరం ఎంతసేపు మోగాలో తెలియడానికి ప్రోగ్రాం లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటుంది. పాత మెషిన్ ఎంత వేగంగా లెక్కపెట్టేదో ఇప్పుడెవరికి తెలుసు? ఎమ్యులేటర్ వేగాన్ని కొంచెం కొంచెంగా మార్చవచ్చు గానీ, ఎక్కడ ఆపాలో నాకు తెలియదు.

"కాకా, పాట ఎంత జల్ది నడవాల్నో కాలుతోటి తాళం వెయ్యి," అన్నాను.

ఆయన చెప్పు విడిచి, కళ్లు మూసుకుని, పాదంతో నేలమీద తాళం వేయసాగారు. చేతులకున్న వణుకు పాదానికి లేదు. నేను వేగం పెంచుతూ, తగ్గిస్తూ పోయాను. "ఇంకింత నిమ్మళం... ఇంకింత..." అంటూ ఉన్నవారు హఠాత్తుగా మాట ఆపేశారు. బీప్ పడ్డప్పుడే పాదమూ పడుతోంది. సువార్తమ్మ నవ్వు ఆపి, ఆ వరుసను సన్నగా పాడటం మొదలుపెట్టింది. చార్జర్ కొనడానికి వచ్చినాయన కూడా అడగకుండా నిలబడి విన్నాడు.

ఆ వేగాన్ని అక్కడే స్థిరం చేసి పెట్టాను. నాలుగు వరుసలూ రికార్డు చేసి పాడేవాళ్ల ఫోన్లకు పంపాం.

ఈస్టర్ పొద్దున నన్నూ పిలిచారు. మగవాళ్లలో ఒకరిద్దరు రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి సరాసరి వచ్చినవాళ్లు. అందరూ కలిసి ఆ పాట పాడటం అదే మొదటిసారి. చిన్న స్పీకర్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది కనుక, కాక కూడా తన పాటను అంతవరకూ మొత్తంగా వినలేదు. నాలుగు వరుసలూ కలిసినచోట ఆయన తాళం వేయడం మరిచిపోయారు. బృందం ఆగకుండా పాడుకుంటూ పోయింది. ఆయన వాళ్లవైపు చూస్తూ నిలబడిపోయారు.

పాతది నడిపించమని ఎవరైనా వస్తే, ఇప్పుడు నేను మెషిన్ విప్పకముందే ఒక మాట అడుగుతాను: "దీంతోటి ఇంకా ఏం చేద్దామనుకుంటున్నరు?" కాక అప్పటినుంచి మరో రెండు పాటలు కట్టారు. షాపుకు మాత్రం మళ్లీ రావలసిన అవసరం పడలేదు.