క్యాచర్ చేతికి ఆషాఢం గోరింటాకు

మొన్న ఫ్రిస్కోలో మా మనవరాలి పక్కన కూచుని టీవీలో బేస్‌బాల్ చూస్తున్నాను. క్యాచర్ ఏదో మీట నొక్కుతున్నాడు. "అమ్మమ్మా, ఇప్పుడు ఫింగర్స్ చూపించక్కర్లేదు. బటన్ ప్రెస్ చేస్తే ఏ బాల్ వెయ్యాలో పిచర్‌కి వినిపిస్తుంది" అంది. అక్కర్లేకపోతే పోనీ. ఆ వేళ్ల కోసం నేను ఒక పెద్దమనిషితో నలుగురిలో పోట్లాడినదాన్ని.

ఎనభైల మొదట్లో మా ఆయన టెక్సస్‌లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరు. అక్కడ ఒక మైనర్ లీగ్ జట్టుండేది. అంటే పెద్ద లీగ్ మీద ఆశతో బస్సుల్లో ఊరూరా తిరిగి ఆడే కుర్రాళ్లన్నమాట. వాళ్ల జీతాలకి అద్దె ఇళ్లు దొరకవు కనక ఊరివాళ్లే తలా ఒకరిని సీజనంతా ఇంట్లో ఉంచుకునేవారు. మా వాటాకి క్యాచర్ వచ్చాడు. ఊళ్లో ఉన్న ఇంకో తెలుగావిడ "పరాయి మగపిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకున్నారా, ఎంత ధైర్యమండీ!" అని బుగ్గలు నొక్కుకుంది. ఆవకాయ అన్నం కళ్లనీళ్లు కారుస్తూ తిని మళ్లీ పెట్టమనే పిల్లాడికి భయపడటమేమిటి, నా మొహం! వాడు టీవీ చూసినా, కబుర్లు చెప్పినా ఆటలోలాగే గొంతుక్కూచునే. సోఫా దండగైందని మా ఆయన గొణిగేవారు.

క్యాచర్ అంటే మన క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు. బ్యాటర్ వెనక గొంతుక్కూచుని, బంతి విసిరే పిచర్‌కి తొడల మధ్య వేళ్లతో సైగ చేస్తాడు. ఒక వేలైతే సూటి బంతి, రెండైతే వంకర బంతి. ఆ గ్రౌండ్‌లో దీపాలు గుడ్డివి, పిచర్ చూపు అంతకన్నా గుడ్డిది. కళ్లద్దాలంటే నామోషీ. రెండు వేళ్లని ఒకటనుకుని విసిరేవాడు, బంతి మావాడికి అందకుండా వెనక కంచెకి తగిలేది. నింద మాత్రం క్యాచర్ నెత్తిన. ఆ పిచర్ జట్టుకి ముద్దుబిడ్డ, వాణ్ణి ఎవరంటారు? చివరికి మేనేజర్ "ఈ వారం కూడా ఇంతే అయితే నిన్ను ఫస్ట్ బేస్‌కి మార్చేస్తా" అన్నాడట. ఫస్ట్ బేస్ అంటే మైదానంలో ఓ మూల నిలబడి ఆడే చోటు. మారిస్తే కథ ముగిసినట్టే. వాడి బ్యాటింగ్ అంతంత మాత్రం. క్యాచర్‌కైతే చెల్లుతుంది గానీ, ఫస్ట్ బేస్‌లో ఆ బ్యాటింగ్‌తో పెద్ద లీగ్ గుమ్మం ఎవడూ తొక్కనివ్వడు. "నోరు విప్పి చెప్పవేం?" అని కసిరాను. "పిచర్ని పట్టిచ్చేవాడు క్యాచరెలా అవుతాడు మేడమ్?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అది ఆషాఢ మాసం. మా అమ్మ పంపిన గోరింటాకు పొడి నిమ్మరసంలో కలిపి పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్న హాలు చివర నుంచి నా వేళ్లు చూసి, "ఇంత దూరం కనిపిస్తున్నాయే! నాకూ పెట్టండి" అన్నాడు. ఆడవాళ్లు పెట్టుకునేదిరా అంటే వినడే! మా ఆయన పేపరు దించి "వాడి పరువు తీస్తావా ఏమిటి?" అన్నారు. వాడి పరువు వాడిష్టం. కుడిచెయ్యి చాపాడు, పెట్టాను. మధ్యాహ్నం ఎడంచేత్తో అన్నం తింటుంటే ప్రాణం చివుక్కుమన్నా ఊరుకున్నాను.

సాయంత్రం గ్రౌండ్‌కి నేనూ వెళ్లాను. జట్టంతా ఈలలు, వెక్కిరింతలు. మేనేజర్ "వెళ్లి కడుక్కురా!" అని గద్దించాడు. వాడు సబ్బుతో తోముకొచ్చాడు. వేళ్లు ఇంకా ఎర్రగా మెరిశాయి. "నా మాటంటే లెక్కలేదా?" అని ఆయన లంకించుకున్నాడు. నేను కొంగు దోపుకుని, చూసేవాళ్లకి అడ్డంగా కట్టిన వల దగ్గరికి వెళ్లాను. "అది కడిగితే పోదు. పెట్టింది నేను. అరిచేదేదో నామీద అరవండి!" అన్నాను. ఆయన నోరు తెరిచేలోగా మావాడే అన్నాడు: "పోయినా రేపు మళ్లీ పెట్టించుకుంటాను సార్. నేను క్యాచర్ని." మాస్కు తగిలించుకుని, పోయి తన చోట కూచున్నాడు. రెండో క్యాచర్ వేలు విరిగి ఇంట్లో ఉన్నాడు కనక మేనేజర్ పళ్లు నూరి ఊరుకున్నాడు.

ఆ ఆటలో ఒక్క బంతీ చేజారి పోలేదంటే అబద్ధం. ఒకటి పోయింది, అది అచ్చంగా మావాడి తప్పే. సైగ కనబడక పోయింది మాత్రం ఒక్కటీ లేదు. ఫస్ట్ బేస్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మరి పెద్ద లీగ్‌కి వెళ్లాడా అని అందరూ అడుగుతారు. వెళ్లలేదు. దాని కింది మెట్టు దాకా ఎక్కాడు, మోకాళ్లు అరిగాక మానేశాడు. అయితే ఏం? ఆఖరి బంతి దాకా క్యాచర్‌గానే ఆడాడు. మనుషులు లెమ్మంటే లేవనివాడు, కాలం లెమ్మన్నాక లేచాడు. కాలం మాట ఈ వయసులో నేనూ వింటున్నాను. మనుషుల మాటంటారా, ఇప్పటికీ వినను.