పిస్తోలు పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు

మంగళవారం పొద్దున మా స్టోరు బావ పోయాడు. ఈ ఎడారి దేశంలో మా కంపెనీ పనివాళ్ళుండే సల్మాబాద్ క్యాంపులో, స్టోరు గుమ్మం ముందు, ప్లాస్టిక్ కుర్చీలో, రెండు అరచేతుల మధ్య టీ గ్లాసు పట్టుకుని పోయాడు. నేను ఎదురుగానే ఉన్నాను. చేతులు కాచుకుంటున్నాడనుకున్నాను. "బావా, తాగు, సల్లగయితది" అన్నాను కూడా. టీ ఒక్క చుక్క ఒలకలేదు. మనిషి పోతే గ్లాసు కింద పడాలి కదా? పడలేదు. అందుకే ఇప్పటికీ నాకు నమ్మకం కుదరడం లేదు.

బావ అంటే మా అక్క మొగుడు కాదు. క్యాంపులో అందరికీ బావే. మాది జగిత్యాల వైపు, ఆయనదీ అటే. చాలా ఏళ్ళు స్లాబులకు ఇనుప కంబి కట్టే పని చేశాడు. బైండింగ్ వైరు మెలితిప్పీ తిప్పీ వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. పిడికిలి మూసుకోవడం మానేసింది. డాక్టరు కీళ్ళవాతం అన్నాడు. కంపెనీ ఆయన్ను సామాన్ల స్టోరులో కూర్చోబెట్టింది. అంగీ గుండీలు పెట్టుకోలేక టీషర్టులకు మారిన మనిషి, ఆ చేతులతోనే ప్రతి ఏడూ పిస్తోలు పేల్చేవాడు.

పరుగుపందెం పిస్తోలు. గుండు ఉండదు, చప్పుడూ పొగా మాత్రమే. చలికాలంలో ఒక శుక్రవారం మా కంపెనీ క్యాంపులన్నీ సఖీర్ వైపు ఎడారిలో ఆటలు పెట్టుకుంటాయి. తుబ్లీ క్యాంపు వాళ్ళకూ మాకూ పరుగులో పాత పగ. పందెం మొదలుపెట్టేది బావే. ఏడాదంతా "ఏయ్ స్టోరూ, పలుగియ్యి" అని పిలిచే వాళ్ళు ఆ ఒక్క పూట ఊపిరి బిగబట్టి ఆయన చెయ్యి వంకే చూసేవారు. ఆయనకు ఆ చూపు కావాలి. జీతం తగ్గినా ఏమీ అనేవాడు కాదు గానీ, ఆ పని ఇంకొకరికిస్తే బతకలేడు. నాకు తెలుసు.

పిస్తోలు చేతికి రాగానే తెరిచి, ఖాళీగా ఉందో లేదో చూసి, పక్కనున్న నాకు చూపించేవాడు. దాని మూతి ఎప్పుడూ ఇసుక బస్తా వైపే. "ముందుగాల కన్ను పోవాలె. యేలు ఆఖరుకు పోవాలె" అనేవాడు. అంతా చూసుకున్నాకే ట్రిగ్గరు మీదికి వేలు పోవాలని. వంటగదిలో ఆత్రంగా గిన్నె మూత తీసేవాళ్ళకూ అదే మాట చెప్పేవాడు.

సఖీర్‌లో కార్ల పందేల రోడ్డు తయారైన ఏడాది కంపెనీ కొత్త పిస్తోలు తెచ్చింది. మా క్యాంపు బాసు కాకినాడ కుర్రాడు. పాతదీ కొత్తదీ రెండూ పట్టుకుని స్టోరుకు వచ్చాడు.

"బాబాయ్ గారూ, కొత్తది చూడండి, ఎంత ముద్దుగా ఉందో!"

"ముద్దుగుంటే ముద్దువెట్టుకో. పేలుతదా, గది చెప్పు" అన్నాడు బావ. కానీ కన్ను మాత్రం దాని మీదే ఉంది. చిన్నది, తేలిక, నల్లగా నిగనిగలాడుతోంది.

నాకు దాచిపెట్టి మాట్లాడడం చేతకాదు. "బావా, గిది పోరగాండ్ల బొమ్మ. నీ యేలు పట్టదు" అన్నాను.

"నీ నోట్లకెల్లి మంచి మాట ఎన్నడన్న వచ్చిందా?" అని, తెరిచి ఖాళీ అని చూసి, ట్రిగ్గరు చుట్టూ ఉండే రింగులోకి వేలు దూర్చాడు. వేలు పోయింది. కణుపు దాటి పోయింది. తిరిగి రాలేదు.

లాగితే నొప్పి. కుళాయిల దగ్గరికి తీసుకుపోయి సబ్బు రుద్దాను. అప్పుడే డ్యూటీ బస్సు వచ్చి ఆగింది. "బావా, పిస్తోలును మనువాడినవా? ఉంగరం మంచిగున్నది!" అని ఎవడో అరిచాడు. క్యాంపు క్యాంపంతా నవ్వింది. బావ నవ్వలేదు. తోలు లేచిపోయి వేలు బయటికొచ్చింది.

బాసు ముఖం మారింది. "ఏమీ అనుకోకండి బాబాయ్. ఈసారి టైంకీపర్ పేలుస్తాడులెండి. మీ చేతులు చూస్తుంటే నాకే భయమేస్తోందండి."

బావ పోయి మేకులు వేరు చేస్తూ కూర్చున్నాడు. నేనే అన్నాను: "పాతది ఈడ ఇడిసిపో. బేస్తారం పొద్దూకినంక సూడు. పేలకపోతే నీ టైంకీపర్‌కే ఇచ్చుకో."

పాత పిస్తోలు ఇనుముది, బరువు. ఆ బరువుకు చెయ్యి గుంజుతుంది గానీ పేలినప్పుడు ఎగరదు. రింగు వెడల్పు, ఉబ్బిన వేలు ఆడుతుంది. ఊరికే ట్రిగ్గరు లాగితే మహా గట్టి. వెనకున్న చిన్న సుత్తిని ముందే వెనక్కి నిలబెడితే మాత్రం తాకితే చాలు. కానీ ఆ సుత్తిని లాగడానికి బావ బొటనవేలిలో సత్తువ లేదు. రోజంతా తంటాలుపడ్డాడు. తరువాత పిడి సన్నగా ఉండి పట్టు దొరకడం లేదని సైకిల్ ట్యూబు కోసి చుట్టమన్నాడు. చుట్టాను. మూతపడని పిడికిలికి లావు వస్తువే అందుతుంది.

ఆ మర్నాడు నన్ను కేకేశాడు. ఎడమ అరచేతి కిందిభాగాన్ని సుత్తి మీద ఆనించి కదలకుండా ఉంచాడు. కుడిచేత్తో పిస్తోలునే ముందుకు నెట్టాడు. సుత్తి వెనక్కి నిలబడి టక్కుమంది.

"యేళ్ళతోటి గుంజుడు గాదుర బయ్, బుజంతోటి నూకుడు! కంబి కట్టినన్ని దినాలు గిదే గద చేసిన!" చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ చేసి చూపించాడు.

అన్నట్టే బేస్తారం, అంటే గురువారం, సాయంత్రం టీ గ్లాసుతో చేతులు కాచుకుని, ట్రిగ్గరు మీద రెండు వేళ్ళు వేసి పేల్చాడు. వంటవాడి చేతిలో గరిటె కింద పడింది. "ఖలాస్ బాబాయ్, నేను నోరు మూసుకున్నానండి" అన్నాడు బాసు. ఆ తరువాత ఏ ఏడూ ఎవరూ అడ్డం రాలేదు.

ఈ ఏడూ అంతే. ట్యూబు పాతబడిందని సోమవారమే కొత్తది చుట్టించుకున్నాడు. మంగళవారం పొద్దున చేతులు కాచుకుంటూ పోయాడు. గ్లాసు ఆయన వేళ్ళ మధ్య నుంచి తీసింది నేనే. వేళ్ళు మెత్తగా విడిపోయాయి. ఒకనాడు సబ్బు రుద్దినా తోలు లేస్తే గానీ రాని వేళ్ళు. అంత సులువుగా విడిపోయాయే, అదే నాకు మింగుడు పడడం లేదు.

ఆటలు ఆపమన్నాను. "మనిషి ఇంక ఆసుపత్రి శవాల గదిలనే ఉన్నడు, పెట్టె ఊరికి కదల్లే. మీకు ఉరుకుడు గావాల్నా?" అని కేకలేశాను. తుబ్లీ క్యాంపు వాడొకడు మెల్లగా అన్నాడు: "కాకా, బావ ఉంటే ఆపనిస్తుండెనా?" 

శుక్రవారం సఖీర్‌లో బాసు పిస్తోలు తీసి టైంకీపర్ వైపు చాచాడు. "ఇటియ్యి" అన్నాను. ఇచ్చాడు.

తెరిచాను. ఖాళీ. చూపిద్దామని పక్కకు తిరిగాను. ఎవరూ లేరు. మందు పెట్టి మూశాను. ట్యూబు చుట్టిన పిడి నా చేతికి మరీ లావు. నా బొటనవేలు బాగానే ఉంది, సుత్తిని ఇట్టే లాగగలదు. అయినా ఎడమ అరచేయి దాని మీద ఆనించి, కుడిచేత్తో పిస్తోలును ముందుకు నెట్టాను. టక్కుమంది. చెయ్యి పైకెత్తాను.

గీత మీద వంగినవాళ్ళంతా ముందున్న దారిని మరిచి నా చెయ్యి వంకే చూస్తున్నారు. ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయాను. వేలు ఇంకా రింగు బయటే ఉంది.