గోడ లేని నీళ్ళు

పద్నాలుగేళ్ళప్పుడు జాయ్స్‌ని మించి ఈదే ఆడపిల్ల జిల్లాలో లేదు. ఇరవై మూడు వచ్చేసరికి, పక్క లేన్‌లో దిగిన తొమ్మిదో తరగతి పిల్లలు ఆమెకంటే ముందు గోడ ముట్టుకుంటున్నారు. రాష్ట్ర పోటీల్లో ఆఖరున వచ్చిన రోజు కోచ్ సురేష్ బాబు ఆమెను పక్కకి పిలిచాడు.

"ఇంక పోటీలు చాలమ్మా. పిల్లలకి నేర్పు, నేను చెప్తాను పూల్ వాళ్ళకి," అన్నాడు.

ఆయన మంచికే అన్నాడు. జాయ్స్ బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి, టవల్ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అనకాపల్లి నుంచి రోజూ మొదటి రైలుకి విశాఖపట్నం వెళ్ళి ఈదడం, తిరిగొచ్చి మధ్యాహ్నం షిఫ్టుకి అచ్యుతాపురం కంపెనీ బస్సు ఎక్కడం, మందుల కంపెనీ ల్యాబ్‌లో కునికిపాట్లు పడుతూ పని చేయడం. ఇదీ ఆమె బతుకు. తోటి పిల్లల పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళింది లేదు. ఈత తీసేస్తే తనలో ఇంకేం మిగులుతుందో ఆమెకే తెలీదు.

అప్పుడే సముద్రంలో దూరపు ఈత పోటీ గురించి విన్నది. అందులో వేగం కంటే ఓర్పు ముఖ్యమనీ, వయసు అంత అడ్డు రాదనీ ఎవరో అన్నారు. సాధనకి సెలవు దొరకలేదు. ఉద్యోగం మానేసింది.

తల్లి లూర్దు మేరీ ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త పోయాక ఈ ఒక్క కూతురే లోకం.

"సముద్రం ఏటే, పిచ్చా? కొలనులో ఐతే అలిసిపోతే గట్టు పట్టుకుంటావు," అంది మేరీ.

"కొలనులో నా పని అయిపోయిందమ్మా. ఇది కూడా పోతే నేను దేనికీ పనికిరాను."

ఆ పోటీకి ఒక నియమం ఉంది. ఈదే మనిషి వెంట పడవలో ఇంటివాళ్ళు ఒకరుండాలి. నీళ్ళ సీసా తాడుకి కట్టి అందించవచ్చు గాని, మనిషిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పోటీ అక్కడితో సరి. పోటీ రోజున, పడవంటేనే భయపడే మేరీ, పూడిమడక నుంచి వచ్చిన జాలరి అప్పలరాజు పడవలో, చెక్క గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పొద్దున్న అంతా బాగానే సాగింది. ఎండ ముదిరాక గాలి తిరిగింది. జెల్లీ చేపలు మెడ మీద, చేతుల మీద కాల్చినట్టు గీతలు పెట్టాయి. తాగిన నీళ్ళన్నీ జాయ్స్ కక్కేసింది. ఒడ్డు కనబడుతోంది, దగ్గరకి మాత్రం రావడం లేదు.

"ఎదురు నీరు, నర్సమ్మగోరూ," అన్నాడు అప్పలరాజు. "పిల్ల ఎంత ఈదినా ఇక్కడే ఉంటంది."

అప్పటికే మిగతా ఈతగాళ్ళు చాలామంది పోటీ వదిలేసి పడవలెక్కేశారు. మేరీ ముందుకి వంగింది.

"వచ్చీయే తల్లీ. సాలు."

"ముట్టుకోకు," అంది జాయ్స్. పెదవులు వాచి మాట సరిగా రావడం లేదు. "నువ్వు ముట్టుకుంటే నేను సచ్చిపోతాను."

మేరీ చెయ్యి వెనక్కి తీసుకుంది. నోట్లోనే మరియమ్మని తలుచుకుంటూ కూతురి ప్రతి చేతివేటునీ చూస్తూ కూర్చుంది. వేటుకీ వేటుకీ మధ్య ఎడం పెరుగుతోంది.

కాసేపటికి జాయ్స్ చెయ్యి ముందుకి చాపి, దేన్నో తాకినట్టు, కొలను చివర వెనక్కి మళ్ళేటప్పటిలా నీళ్ళలో మునిగి పల్టీ కొట్టింది. లేని గోడని రెండు కాళ్ళతో తన్నింది. పైకి లేచి ఒడ్డుకి వీపు పెట్టి, సముద్రం లోపలికి ఈదడం మొదలుపెట్టింది.

"జాయ్స్, ఈయాల ఏ వారం?" అని కేకేసింది మేరీ.

"ఇంకో రెండు లెంగ్తులే సార్," అంది జాయ్స్, కొలనులో కోచ్‌కి చెప్తున్నట్టు, ఆగకుండా.

రోగులకి తెలివి ఉందో లేదో చూడ్డానికి అలా అడిగి, అలాంటి జవాబులు మేరీ చాలా విన్నది. పడవని కూతురి పక్కకి తెమ్మంది అప్పలరాజుని.

"ముట్టుకుంటే పోటీ పోద్ది, అమ్మగోరూ."

"తెలుసు," అని మేరీ నడుందాకా బయటికి వంగి, కూతురి చెయ్యి పట్టుకుంది. జాయ్స్ విడిపించుకోబోయింది. ఆ గుంజులాటలో బలమే లేదు.

ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే, "టైమెంతమ్మా?" అంది జాయ్స్.

"సాయంత్రం అయిందే."

"అది కాదు. నా టైం. గోడ ముట్టుకున్నాను కదా." ఆ మొహంలో వెలుగు చూసి మేరీ మంచం అంచున కూర్చుంది. అబద్ధం చెప్పినా ఎంతసేపు నిలుస్తుంది.

"గోడ లేదమ్మా. నేనే పట్టుకున్నాను నిన్ను."

"ఒడ్డు ఎంత దూరంలో ఉంది అప్పుడు?"

"ఒడ్డు మీద జనం కనబడతన్నారు," అంది మేరీ.

జాయ్స్ అటు తిరిగి పడుకుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయనీ, కోలుకుంటాయి గాని ఇంత శ్రమ మళ్ళీ పనికిరాదనీ డాక్టరు చెప్పినప్పుడు కూడా ఇటు తిరగలేదు. ఇంటికి వచ్చాక తల్లితో ఒక్క మాట లేదు. ఒక ఆదివారం, మేరీ అన్నం కంచం తెచ్చి పెట్టినప్పుడు నోరు విప్పింది.

"ఎందుకు పట్టుకున్నావు?"

"నువ్వు లోపలికి ఎల్లిపోతన్నావు."

"పోనివ్వాల్సింది."

మేరీ పక్కనే కింద కూర్చుంది. "నాకంత ధైర్యం లేదే," అంది.

జాయ్స్ కంచం వంక చూసింది. తర్వాత దగ్గరకి లాక్కుని, కలుపుకుని, నాలుగు ముద్దలు తిన్నది.

ఇప్పుడు వేరే కంపెనీలో చేస్తోంది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటారు, కూర గురించి, కరెంటు గురించి, బస్సు ఆలస్యం గురించి. ఈత మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు.