ఆదోని గుడి పుస్తకంలో మా అవ్వ పేరు

కొత్త ఫోను చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలియనిది కూడా ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే నవ్వుకునేదాన్ని. ఎమ్మిగనూరులో ఒక డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రికలు టైపు చేసేదాన్ని. దేవనకొండ పక్కన మా ఊళ్లో అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్లు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్న మొదటి మనిషిని నేనే కాబట్టి, రేషన్ కార్డు నుంచి మాత్రల చీటీ దాకా ఏ కాగితమైనా నా ముందుకే వచ్చేది. అర్థం కాకపోయినా అయినట్టే చదివి చెప్పేదాన్ని. (ఆ మాత్రల విషయంలో మా నాన్న నన్ను ఇప్పటికీ క్షమించలేదు.)

మా నాన్నను కన్న అవ్వను ఊరంతా కూసమ్మ అంటారు. పుట్టిన కొన్నాళ్లకే తల్లీతండ్రీ పోతే, కౌతాళంలో ఉన్న మేనమామ ఆమెను ఎత్తుకొచ్చి పెంచాడు. అక్కడ కన్నడం ఎక్కువ కదా, పసిబిడ్డను 'కూసు' అంటారు. అందరూ కూసూ కూసూ అని పిలిచి, చివరికి అదే పేరు చేసేశారు. పెళ్లినాడూ కూసమ్మే, ఆధార్ కార్డులోనూ కూసమ్మే. ఆదోని గుడిలో, అంటే చర్చిలో, జ్ఞానస్నానం చేయించారని మాత్రం మేనమామ చెప్పేవాడట. ఏ పేరు పెట్టారో ఆయనకూ గుర్తులేదు.

మా అన్నకు ఆడపిల్ల పుట్టి, పేరు వెతుకుతున్నప్పుడు అవ్వకు ఈ దిగులు పట్టుకుంది. "ఎనబై ఏండ్లు రాబట్టె, ఇంగా నేను కూసునేనామ్మే? రేపు దేవుడు పిల్సినప్పుడు ఏ పేరుకు పలకల్ల నేను? ఆదోనికి పోయి సూసి రాపో. ఆ పేరే మన పాపకు పెడదాం" అంది. నాకు భలే హుషారొచ్చింది.

ఆదోని గుడికి వెళ్లేసరికి ఫాదర్ ఏదో ఊరికి వెళ్లారు. ముసలి ఉపదేశి ఒక్కరే ఉన్నారు, గుళ్లో ప్రార్థనలు చెప్పించే పెద్దాయన. బీరువాలోంచి అట్టలూడిన పుస్తకం తీసి, పసిపిల్లను దించినట్టు బల్ల మీద పెట్టారు. "ఇది దొరల భాషలో ఉంటాదమ్మా, నాకు రాదు. ఊరు పేరు మాత్రం పోల్చుకుంటా" అంటూ ఒక్కో పేజీ తిప్పారు. గంట గడిచాక అవ్వ పుట్టిన ఊరి పేరు దొరికింది. ఆ వరుసలో ముందుభాగం చెదలు తినేసి పెద్ద బొక్క. బొక్క పక్కనే వంకర టింకర అక్షరాల్లో 'ఫీలియా'. దాని వెనకే చిన్నప్ప, రత్నమ్మ. మేనమామ చెప్పిన అవ్వ తల్లిదండ్రుల పేర్లు అవే! గబగబా ఆ ఒక్క వరుసకూ ఫోటో తీసుకుని, బస్సుకు టైమవుతోందని పరిగెత్తాను.

"అవ్వా, నీ పేరు ఫీలియా!" అని వాకిట్లోనే కేకేశాను. అవ్వ ఆ మాటను నోట్లో వేసుకుని నాలుగుసార్లు తిప్పింది. "పీలియా... పీలియమ్మ... ఈ సుట్టుపక్కల ఎవురికన్నా ఉండాదామ్మే ఇట్లాంటి పేరు?" లేదన్నాను. ఇంక ఆమెను పట్టేవాళ్లే లేరు. పత్తి తీసే చేలల్లో, నీళ్ల ట్యాంకు దగ్గర, కోడుమూరు సంతలో కూడా చెప్పుకుంది. కూసమ్మా అంటే పలకడం మానేసింది. అన్న కూతురికి అదే పేరు ఖాయమైంది. జ్ఞానస్నానం కార్డులు నేనే టైపు చేశాను, పేరు మాత్రం బంగారు రంగులో.

కార్డులు పంచేశాక, ఆదివారం వేడుకనగా శనివారం నాడు, అవ్వకు సర్టిఫికెట్ తెచ్చి ఇద్దామని మళ్లీ ఆదోని వెళ్లాను. ఈసారి ఫాదర్ ఉన్నారు. పేజీ తెరిచి నా ముందుకు తోశారు. ఆ రోజు తొందరలో చూడని పేజీని అప్పుడు పూర్తిగా చూశాను. పై వరుసలో ఫీలియా. కింది వరుసలో ఫీలియా. దాని కింద ఇంకో ఫీలియా.

"అప్పట్లో ఈ పేరు ఫ్యాషనా ఫాదర్? ఇంతమంది ఉండారు!"

ఆయన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. "పేరు కాదమ్మా, లాటిన్ మాట. ఫీలియా అంటే కూతురు. చిన్నప్ప, రత్నమ్మల కూతురు అని రాశారు. అసలు పేరు ఈ చెదలు తిన్నచోట ఉండేది."

బస్సులో ఇంటిదాకా నా మొహం నాకే వేడిగా తగులుతూ ఉంది. ఇంట్లో అవ్వ కొత్త చీరకు మడతలు సరిచేసుకుంటోంది. చెప్పేశాను. మా అన్న "కార్డులు పంచేసినాం కదమ్మే!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అవ్వ మాత్రం చీర పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది.

"అయితే ఆడ మా నాయన పేరు ఉండాదా?"

"ఉందవ్వా. చిన్నప్ప కూతురు అని ఉంది."

"యాడ, సూపీ." ఫోటో పెద్దది చేసి చూపించాను. అక్షరం రాని మనిషి, ఆ వరుస మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. "మా నాయన మొగం నాకు తెల్దు. ఆయప్ప కూతురినని ఎవురూ అన్లేదు నన్ను. అందురూ కూసూ అనిరి, కోడలా అనిరి, అవ్వా అనిరి." వేలు తియ్యకుండానే అంది: "సాల్లే. సిన్నప్ప కూతురా అని దేవుడు పిల్సినా పలుకుతా. పాపకు ఆ పేరే ఉండనీండి. కూతుర్ని కూతురా అంటే తప్పేముండాది?"

అవ్వ పోయి చాలాకాలమైంది. ఫీలియా ఇప్పుడు ఎమ్మిగనూరులో హైస్కూలుకు పోతోంది. మొన్న పాత ఫోటోలు కొత్త ఫోనులోకి ఎక్కించుకుంటుంటే ఆ వరుస కనబడింది. కింద మూలన నా బొటనవేలు అడ్డంగా పడి ఉంది. ఆ వేలు కొంచెం పక్కకు జరిగి ఉంటే కింది వరుసలో ఇంకో ఫీలియా ఆ రోజే దొరికిపోయేది, పాపకు అందరూ పెట్టే మేరీ పేరే పెట్టేవాళ్లం. అప్పటి నాలోని ఆ తొందర పిల్లను తిట్టాలనే చూశాను గానీ, నవ్వొచ్చింది.