డ్రమ్ మెషీన్ కాదు, గంగారాం

దెయ్యం కథ చెప్పేవాళ్లను నేను ముందు తారీకు అడుగుతాను. నాకు అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. "ఒక అమావాస్య నాడు" అంటారు. ఏ నెల అమావాస్య అంటే నవ్వేస్తారు. తారీకు లేని మాటను నేను నమ్మను. దెయ్యాలను ఎప్పుడూ నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. కానీ కింద రాసేవాటికి తారీకులున్నాయి. అన్నీ నా పుస్తకంలో నా చేత్తో రాసుకున్నవే.

నా పేరు రత్నమ్మ. మాది అమలాపురం దగ్గర. మస్కట్ వచ్చి ముప్పై ఒక్కేళ్లు దాటింది. అల్ హైల్‌లో ఒక ఒమానీ కుటుంబంలో పిల్లల్ని పెంచాను. వాళ్లు పెద్దవాళ్లయ్యాక ఆ ఇంటి పెద్దావిడ వెనక వంటగది నాకు వదిలేసింది. చుట్టుపక్కల గరాజుల్లో పనిచేసే మనవాళ్లకు అక్కడే వండి పంపిస్తాను. మొత్తం ముప్పై రెండు క్యారేజీలు. ఏది వెళ్లింది, ఏది తిరిగొచ్చింది, కడిగి వచ్చిందా, ఎంగిలితో వచ్చిందా, రోజూ రాస్తాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. ఇంతవరకు ఒక్క క్యారేజీ పోలేదు.

ఆ మూతల మీద నంబర్లు వేసింది గంగారాం. రంగుతో రాస్తే నూనెకు చెరిగిపోయేవి. ఒక సెలవు రోజున సుత్తి, మేకు తెచ్చుకుని కూర్చుని ముప్పై రెండు మూతల మీదా చుక్కలు చుక్కలుగా నంబర్లు దింపాడు. తన క్యారేజీకి పద్నాలుగు వేసుకున్నాడు.

గంగారాంది జగిత్యాల వైపు. మా వీధి చివరి గరాజులో డెంటింగ్ పని. గుద్దుకుని సొట్టపడిన కారు రేకును సుత్తితో కొట్టి మళ్లీ సాపు చేయడం. ఊళ్లో డప్పు కొట్టేవాడు, వాళ్ల నాయన కూడా అంతే. క్యారేజీ తిరిగి తెచ్చినప్పుడు కేకేసేవాడు కాదు. వంటగది మెట్టు మీద పెట్టి, మూత మీద వేళ్లతో రెండుసార్లు తట్టి వెళ్లిపోయేవాడు. అతను కడగకుండా తెచ్చిన రోజు నా పుస్తకంలో ఒక్కటీ లేదు.

ఆ గరాజు పక్కన వరసలో ఎనిమిదో షట్టరు ఖాళీగా ఉండేది. శుక్రవారం నమాజు అయ్యాక ముగ్గురు అక్కడికి వచ్చి వాయించేవాళ్లు. పాడేది శమ్సా, అల్ ఖౌద్‌లో యూనివర్సిటీలో చదివే అమ్మాయి. మిగతా ఇద్దరివి గిటార్లు. వాళ్ల బృందం పేరు కూడా ఎనిమిదో షట్టరే. ఆ సంగీతాన్ని గరాజ్ పంక్ అంటారట. మూడు స్వరాలు, ఒక అరుపు, రెండు నిమిషాల్లో పాట అయిపోవడం. ఇలాంటి బృందాలను టీవీలో చూపించరు, పెద్ద హాళ్లకు పిలవరు. కార్ల షెడ్లలో వాయించుకుంటారు, ఫోన్లో రికార్డు చేసుకుంటారు. మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది.

గంగారాం మాత్రం మూడు శుక్రవారాలు గోడకు ఇవతల నుంచి విని, నాలుగో శుక్రవారం వెళ్లాడు. ఆ సాయంత్రం క్యారేజీ ఇస్తూ నాతో అన్నాడు:

"పిల్లలకు కోపం మంచిగనే ఉన్నదమ్మా. తాళమే లేదు."

తర్వాత తాళం అతనే వేశాడు. పాత కారు బానెట్టు, ఒక ఖాళీ ఆయిల్ పీపా, ఒకే ఒక్క నిజమైన డ్రమ్ము. సుత్తికి నేనిచ్చిన మసిగుడ్డ చుట్టి కొట్టేవాడు. డప్పును మంటకు కాచినట్టు, ఆ డ్రమ్మును వాయించే ముందు పది నిమిషాలు షట్టరు బయట ఎండలో పెట్టేవాడట. ఇరవై రెండు శుక్రవారాలు వెళ్లాడు. ఆ రోజుల్లో పద్నాలుగో నంబరు సాయంత్రం గానీ వచ్చేది కాదు, అందుకే లెక్క తెలుసు.

ఒకసారి అడిగాను, ఆ పిల్లలు నిన్ను ఏమని పిలుస్తారు అని.

"డెంటర్ అంటరు. ఊర్లనైతె డప్పోడా అంటుండె. గంగారాం అనేది నువ్వు, మా అవ్వ, నా పెండ్లాం. ముగ్గురే."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

2024 జనవరి 16, మంగళవారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. 17, బుధవారం ఉదయం ఆరూ నలభైకి పోయాడు. గుండె. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి అతని రూమ్మేటు రాజేశం, నేను వెళ్లి చూశాం. ముఖం చూశాను, చేయి పట్టుకున్నాను. 23, మంగళవారం దాకా శవం మార్చురీలోనే ఉంది. ఆ రోజు విమానంలో ఊరికి పంపారు.

ఇప్పుడు నా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. 16, మంగళవారం: "14 రాలేదు." 17: "14 రాలేదు. గంగారాం పోయాడు." 18: "14 రాలేదు." 19, శుక్రవారం సాయంత్రం: "14 వచ్చింది. కడిగి ఉంది."

ఆ శుక్రవారం పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు పిలుపు వినిపిస్తుండగా నేను నీళ్ల మోటారు కట్టేసి వెనక్కి వచ్చాను. క్యారేజీ మెట్టు మీద ఉంది. మూత తట్టిన చప్పుడు వినలేదు. మోటారు మోతలో ఏదీ వినపడదు. విననిదాన్ని విన్నానని రాయను. రాజేశం తెచ్చి పెట్టాడనుకున్నాను. లోపల పెట్టి తలుపు వేసి ఏడ్చాను. అంతటితో ఆ విషయం మరిచిపోయాను.

సెప్టెంబరులో ఓబులమ్మ వచ్చింది. కడప మనిషి, శమ్సా వాళ్లింట్లోనే పని. ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

"పెద్దమ్మా, మా పాప కొత్త రికార్డు తెప్పించింది. దాంట్లో ఎవరో మనోడు తెలుగులో లెక్కపెడతాండాడు. ఇను."

"ఒకటి, రెండు, మూడు" అంది గొంతు. నాలుగు అనకుండా దెబ్బ పడింది. గంగారాం గొంతు. క్యారేజీ మూతల మీద నంబర్లు దించినప్పుడు కూడా అలాగే, మూడు దాకా అనేవాడు, నాలుగు సుత్తికి వదిలేవాడు. పాట రెండు నిమిషాల పదకొండు సెకన్లు. అంతా ఆగిపోయాక చివర్లో రెండు తట్లు, మెల్లగా, రేకు మీద.

ముందు సంతోషించాను, అది ఒప్పుకోవాలి. మరుసటి శుక్రవారం ఓబులమ్మతో అల్ ఖౌద్‌లో శమ్సా వాళ్లింటికి వెళ్లాను, ఆ రికార్డు కళ్లతో చూద్దామని.

అది పాతకాలపు నల్ల రికార్డు. యూరప్‌లో ఉండే ఒకాయన ఊరూరా ఇలాంటి బృందాలను వెతికి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పాట తీసుకుని, పదహారు పాటలతో వేశాడు. కరాచీవి మూడు, కువైట్‌వి రెండు, మస్కట్‌ది ఇదొక్కటే. దుకాణాల్లో దొరకదు, ఈ సంగీతమంటే పడిచచ్చేవాళ్లు ఒకరి నుంచి ఒకరు తెప్పించుకుంటారు. అట్ట వెనక ప్రతి బృందానికీ ఎవరు ఏం వాయించారో, ఏ రోజు రికార్డు చేశారో ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. శమ్సా పేరుంది. గిటార్ల వాళ్ల పేర్లున్నాయి. డ్రమ్స్ దగ్గర ఇలా ఉంది: డ్రమ్ మెషీన్.

మెషీన్.

ఊళ్లో డప్పోడు, ఇక్కడ డెంటరు, చచ్చాక మెషీను. ఎందుకిలా రాశావని శమ్సాను అడిగాను. ఆ అమ్మాయికీ నాకూ మాట హిందీలో సగం, అరబ్బీలో సగం నడుస్తుంది. పేర్లు పంపమని ఫారం వచ్చిందట, డెంటరు పేరేమిటో ముగ్గురిలో ఎవరికీ తెలియదట, ఎప్పుడూ తాళం తప్పడు కాబట్టి గిటార్ కుర్రాడు సరదాగా అలా రాశాడట. ఇరవై రెండు శుక్రవారాలు ఒకే షెడ్డులో చెమట కార్చి పేరు అడగలేదు. ఫొటో ఉందా అంటే ఫోన్ ఇచ్చింది. గిటార్ల ఫొటోలు నలభై ఒకటి. గంగారాంది ఒక్కటీ లేదు.

నన్ను ఖాలా, అంటే పిన్నీ అని పిలుస్తుంది. తర్వాత ఆ అమ్మాయే అడిగింది, ఆయన ఇప్పుడు ఏ గరాజులో ఉన్నాడు ఖాలా, ఆ రోజు తర్వాత మళ్లీ రాలేదు అని. పోయాడని కూడా తెలియదు వాళ్లకు.

"ఏ రోజు తర్వాత?" అన్నాను.

"రికార్డింగ్ రోజు."

అప్పుడు అట్ట మీద తారీకు చూశాను. 2024 జనవరి 19, శుక్రవారం.

సంచిలోంచి నా పుస్తకం తీసి పేజీ చూపించాను. ఆ పుస్తకంలోనే పొరపాటు ఉండొచ్చు అంది. నా పుస్తకంలో పొరపాటు. ఆసుపత్రి కాగితం ఫొటో రాజేశం చేత నా ఫోనుకు పంపించుకుని చూపించాను. ఆ అమ్మాయి ఆ కాగితం రెండుసార్లు చదివింది. కానీ తన తారీకు కూడా వదులుకోలేదు. ముందు శుక్రవారం, అంటే 12న, వాళ్లు కలవనే లేదు, గిటార్ కుర్రాళ్లలో ఒకడు దూరాన సలాలా ఊళ్లో ఉన్నాడు. ఆ పాట మాటలు శమ్సా రాసుకున్నదే 17న. ఫోన్లో రికార్డింగ్ సమయం 19, సాయంత్రం నాలుగూ ఐదు నిమిషాలు. గిటార్ల వాళ్లిద్దరినీ నేను విడివిడిగా పిలిపించి అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. వచ్చాడు, డ్రమ్మును ఎండలో పెట్టాడు, వాయించాడు, చేతిలో క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయాడు.

క్యారేజీ అనగానే రాజేశాన్ని అడిగాను, ఆ శుక్రవారం నువ్వు తెచ్చావా అని. "నేను తేలేదమ్మా. అది ఆయన పనిముట్ల బీరువల ఉండె. తాళం ఫోర్మన్ దగ్గర. ఆదివారం తీసిండు. అప్పటికి లోపల లేదు" అన్నాడు. ఫోర్మన్ కూడా అదే చెప్పాడు.

ఇంకో డెంటరు ఎవరైనా అయ్యుండొచ్చని ఆలోచించాను. మా వీధిలో డెంటర్లు ఆరుగురు. నలుగురు పాకిస్తానీలు, ఒకరు బంగ్లాదేశీ. తెలుగువాడు గంగారాం ఒక్కడే.

ఇది ఇలా ఉండగా నాకు కావలసింది ఒక్కటే. ఆ రికార్డు రెండోసారి వేస్తున్నారని శమ్సా చెప్పింది. అందులో అతని పేరు ఉండాలి. ఆ యూరప్ ఆయన వీడియో కాల్‌లోకి వచ్చాడు. పేరు సంగతి చెబితే, ఆధారాలు కావాలి, అట్ట మార్చడం కష్టం, చూద్దాం అన్నాడు. శమ్సా నోరు జారి తారీకుల సంగతి చెప్పేసింది. అంతే, కుర్చీలో ముందుకు జరిగి నిటారుగా కూర్చున్నాడు. చనిపోయినవాడు వాయించిన పాట అని అట్ట మీద ఎర్ర చీటీ అంటిస్తాడట. అందరూ ఎగబడి తెప్పించుకుంటారట.

నాకు ఒళ్లు మండిపోయింది. "మనిషి పేరు రాయడానికి ఆధారాలు కావాలి, దెయ్యం అని రాయడానికి అక్కర్లేదా?" అన్నాను. "బతికున్నప్పుడు మెషీను చేశారు, పోయాక దెయ్యం చేస్తారు. మధ్యలో మనిషి ఉన్నాడు. వాడి పేరు రాయి." శమ్సా అతనికి ఇంగ్లీషులో ఎంతవరకు చెప్పిందో నాకు తెలియదు. చెబుతూ తనూ ఏడ్చింది. పేరు లేకపోయినా, ఎర్ర చీటీ అంటించినా, తమ పాట తీసేయమని మాత్రం గట్టిగా చెప్పింది. అప్పుడు ఒప్పుకున్నాడు.

తారీకు మాటేమిటని చివర్లో అడిగాడు. రికార్డును గంగారాం ఊరికి పంపాలనుకున్నాను. గంగారాం భార్య లచ్చవ్వ దగ్గర 17 అని ఉన్న కాగితం ఉంది. అట్ట మీద 19 అని చూస్తే ఏమనుకుంటుంది? బతికున్న మనిషిని మార్చురీలో పెట్టామనుకుంటుంది. ఆ అనుమానంతో ఆమె ఎన్నేళ్లు బతకాలి?

తారీకు తీసేయమన్నాను. జీవితంలో నేను తీయించిన తారీకు అదొక్కటే.

రెండోసారి వేసిన రికార్డు జనవరిలో వచ్చింది. డ్రమ్స్: గంగారాం. మిగతా పదిహేను పాటలకూ తారీకులున్నాయి, దీనికి లేదు. ఊరికి వెళ్తున్న రాజేశం చేతికిచ్చాను. పాట అతని ఫోన్లో వినిపించమన్నాను.

లచ్చవ్వ ఫోన్ చేసింది. కాసేపు ఏడ్చింది. గొంతు ఆయనదే అంది. తర్వాత అడిగింది.

"గిది ఏ దినం కొట్టిండమ్మా?"

"తారీకు గుర్తులేదు లచ్చవ్వా" అన్నాను.

లచ్చవ్వ ఊరుకోలేదు.

"ఆయన చెప్తుండె, ఏ దినం ఏ కూర వండినవో గూడ నీకు యాదికుంటదని. నువ్వు మర్చిపోయిన్నంటె నేను నమ్మాల్నా? చెప్పమ్మా. ఏదైనా మంచిదే."

చెప్పాను. రెండు తారీకులూ, మార్చురీలో నేను చేయి పట్టుకుని చూసిన సంగతీ, క్యారేజీ సంగతీ, నా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమె భయపడలేదు, నన్ను తిట్టలేదు. పేరుతో సహా ఎక్కడైనా రాయమని ఆమే అంది, అందుకే రాస్తున్నాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"క్యారేజీ కడిగి పెట్టిండా?"

"కడిగే పెట్టాడు" అన్నాను.

పెట్టాడు అని నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. ఎవరు పెట్టారో నేను చూడలేదు. ఆ శుక్రవారం ఎనిమిదో షట్టరులో వాయించింది ఎవరో, పద్నాలుగో నంబరు తాళం వేసిన బీరువాలోంచి నా మెట్టు మీదికి ఎలా వచ్చిందో ఇప్పటికీ నా దగ్గర లెక్క లేదు. కడిగి ఉందన్నది మాత్రం నిజం. పుస్తకంలో ఉంది.